క్యాన్సర్‌కు ‘కరెంటు’తో పాటు కొత్త మందులు: పాలమూరు కుటుంబాలకు దక్కేదెంత?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆస్పత్రికి వెళ్లే నోటి, గొంతు క్యాన్సర్ పేషెంట్లకు ‘కరెంటు పెట్టించుకోవడం’ అంటే మామూలుగా వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. పండగనో, పెళ్లనో మధ్యలో ఆపితే నష్టమే. దీనికి ఇమ్యూనోథెరపీ కలిపితే ఇంకా మేలా? అన్నిసార్లూ కాదు. తల, మెడ క్యాన్సర్లలో రేడియేషన్, కీమోలతో పాటే అవెలుమాబ్ ఇచ్చి చూసిన పెద్ద పరీక్షలో లాభం కనిపించలేదని 2020లో తేలింది. అదే మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో, రేడియేషన్ ముగిశాక ఇచ్చిన దుర్వాలుమాబ్ ఆయుష్షు పెంచింది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు లెక్క.

గుట్కా, జర్దా అలవాటున్న మన ఇళ్లకు ఎక్కువ పనికొచ్చే కబురు ముంబై టాటా మెమోరియల్‌ది. ముదిరిన తల, మెడ క్యాన్సర్‌కు ఎర్లోటినిబ్ అనే టార్గెటెడ్ మాత్ర ఉన్న చవక మందులకు నివోలుమాబ్ 20 మిల్లీగ్రాములే జోడించారు. మామూలు డోసు 240. ఏడాదికి బతికున్నవాళ్లు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారని 2022లో ప్రకటించారు.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలైంది. అయినా పొలం బేరం పెట్టే ముందు, రాసిన మందు ప్యాకేజీలో ఉందో లేదో ఆరోగ్యమిత్రను అడగండి. ఇంజెక్షన్ తక్కువ డోసులో కుదురుతుందా అని డాక్టర్‌ను కూడా అడగొచ్చు, మొహమాటం అక్కర్లేదు. నగరంలో నెలన్నర గది అద్దె, తోడున్న మనిషి పోగొట్టుకునే కూలి వేరే లెక్క.