డాక్టరుకు లేని వయోపరిమితి నర్సుకెందుకు?

మా చిన్నమ్మ కూతురికి ముప్పై నాలుగేళ్లు. పదేళ్లుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆయాగా పనిచేస్తోంది. రోగులకు మంచం మీదే ఒళ్లు తుడవడం, మలమూత్రాలు ఎత్తడం, ఆపరేషన్ అయినవారిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఆమె పని. వీపు మీద పుండు ఎక్కడ మొదలవుతుందో కొత్త నర్సులకు చూపించేదీ ఆమే. గత వేసవిలో ఇంటికి వచ్చి, "అన్నా, నేను నర్సింగు చదవొచ్చా? ఏ కోర్సయితే మంచిదో నువ్వే చెప్పు" అని అడిగింది. బీఎస్సీ నర్సింగు అని వెంటనే చెప్పేశాను. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేవాడికి డిగ్రీ అన్న మాట మీద ఉండే మోజు అది.

నిబంధనలు చూశాక నా తొందరపాటు అర్థమైంది. బీఎస్సీ నర్సింగుకు ఇంటర్లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలి. ఈమెది సీఈసీ. ఆ గ్రూపులో చేరమని పద్దెనిమిదేళ్ల క్రితం సలహా ఇచ్చింది నేనే. అప్పట్లో మా మండలంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో సైన్సు గ్రూపు బోర్డు మీదే ఉండేది, చెప్పేవాళ్లు లేరు. మా వాడ పిల్లలు సీఈసీ, హెచ్ఈసీ 'ఎంచుకున్నారు' అని రాసే పరిశోధకులు ఈ సంగతి గమనించాలి. పోనీ, సార్వత్రిక పాఠశాల ద్వారా సైన్సుతో ఇంటర్ మళ్లీ రాయవచ్చు. అది పూర్తయ్యేసరికి ముప్పై అయిదు దాటుతాయి. నర్సింగ్ కౌన్సిల్ 2021లో సవరించిన నిబంధనల ప్రకారం బీఎస్సీ ప్రవేశానికి గరిష్ఠ వయసు 35.

మిగిలినది మూడేళ్ల జీఎన్ఎం. ఇంటర్లో ఏ గ్రూపయినా ఫరవాలేదు, ఇంగ్లిషు ఉండి 40 శాతం మార్కులు వస్తే చాలు. డిగ్రీ కాదు గదా అని మొదట చిన్నబుచ్చుకుంది. ప్రభుత్వ స్టాఫ్ నర్సు ఉద్యోగానికి జీఎన్ఎం సరిపోతుందనీ, ఆ తర్వాత రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేసుకోవచ్చనీ వివరించాను. సైన్సు చదివినవారికి నాలుగేళ్లలో దక్కే డిగ్రీ ఈమెకు అయిదేళ్లకు దక్కుతుంది. జీఎన్ఎంకూ 35 ఏళ్ల పరిమితే ఉంది. అప్పటికే ఏఎన్ఎం అయినవారికి మాత్రం ఆ పట్టింపు లేదు. ఆ ఏఎన్ఎంలో చేరడానికి మళ్లీ 35 లోపే ఉండాలి!

ఇప్పుడు అసలు ప్రశ్న. వైద్య విద్యలో ప్రవేశానికి నీట్ రాసేవారికి గరిష్ఠ వయోపరిమితిని జాతీయ వైద్య కమిషన్ 2022లో ఎత్తివేసింది. నలభై ఏళ్ల మనిషి డాక్టరు కోర్సుకు పోటీ పడవచ్చు, నర్సు కోర్సుకు పడరాదు. తెలంగాణలో ప్రభుత్వ నియామకాల గరిష్ఠ వయసును 2024లో 46 ఏళ్లకు పెంచారు. ఉద్యోగానికి 46 వరకు పనికివచ్చే మనిషి శిక్షణకు 36కే ఎలా పనికిరాకుండా పోతుంది? నర్సింగులో శారీరక శ్రమ ఎక్కువ గనుక అంటారు. అంతకన్నా ఎక్కువ శ్రమను ఆయాలు, పారిశుద్ధ్య కార్మికులు యాభై అయిదేళ్ల దాకా చేస్తున్నారు. వారి వయసు ఎవరూ అడగరు.

ఈ వృత్తి చరిత్రలో కులం మొదటినుంచీ ఉంది. రక్తం, మైల అంటుకునే పని గనుక పల్లెల్లో పురుడు పోసిన మంత్రసానులు ఎక్కువగా మంగలి, చాకలి, మాదిగ స్త్రీలే. 1883లో గుంటూరు వచ్చిన మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. అటువంటి మిషన్ ఆసుపత్రుల్లోనే దళిత క్రైస్తవ బాలికలు తెల్ల దుస్తులు ధరించారు. తర్వాత నర్సుకు జీతం వచ్చింది, విదేశాలకు దారి ఏర్పడింది, అన్ని కులాల పిల్లలూ చేరుతున్నారు. చేరవలసిందే. అయితే వార్డులో మైల పని మాత్రం ఆయా పేరుతో పాత చేతుల్లోనే మిగిలింది. 2025లో తెలంగాణ వర్గీకరణ చట్టం మాదిగలున్న గ్రూపుకు 9 శాతం వాటా ఇచ్చింది. ముప్పై ఏళ్ల పోరాట ఫలితమది. ఆ పోరాటం సాగుతుండగా పెరిగి పెద్దయిన ఆడపిల్లలకే ఇప్పుడు ఈ కోర్సుల్లో వయసు చాలడం లేదు.

డబ్బు సంగతి వేరే. ఎస్సీ ఉపకార వేతనానికి కేంద్రం పెట్టిన కుటుంబ ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు. ఇద్దరు సంపాదించే ఇల్లు అంచు మీద నిలబడుతుంది. బోధన రుసుము బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపే కళాశాలలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అందుకే మొదట ప్రభుత్వ నర్సింగ్ పాఠశాలకే దరఖాస్తు చేయమన్నాను. ప్రైవేటులో అయితే కళాశాల భవనం చూసి మోసపోకుండా, దాని సొంత ఆసుపత్రిలో వంద పడకలున్నాయా, వాటి మీద రోగులున్నారా అని స్వయంగా వెళ్లి చూడమన్నాను. "రోగులు ఉన్నారో లేరో నాకు చెప్పాలా అన్నా, దుప్పట్లు చూస్తే తెలుస్తుంది" అంది.

వయోపరిమితి ఎత్తేసే అవకాశం ఇప్పుడుంది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. కొత్త కమిషన్ ప్రవేశ నిబంధనలు రాసేటప్పుడు వైద్య కమిషన్ చేసిన పనే చేయవచ్చు. కనీసం ఆసుపత్రుల్లో అయిదేళ్లు పనిచేసిన ఆయాలకు, గ్రామాల్లోని ఆశా కార్యకర్తలకు ఏఎన్ఎంల మాదిరిగా మినహాయింపు ఇవ్వాలి. మన రాష్ట్ర ప్రభుత్వాలు ఆ మేరకు లేఖ రాయడానికి ఖజానా నుంచి రూపాయి కూడా ఖర్చు కాదు.

మా చెల్లెలు దరఖాస్తు పెట్టింది. ఆమెకు ముప్పై అయిదు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆమెతో రాత్రి డ్యూటీ చేసే ఇంకో ఆయాకు ముప్పై ఏడు.