ఆక్టేన్ అంటే పవర్ కాదు బాస్!

బంకులో ప్రీమియం 95 బోర్డు చూసి ‘పికప్ అదిరిపోద్ది’ అనుకుంటున్నారా? ఇంటర్వ్యూలో ఈ మాట అంటే మార్కులు పోయినట్టే. ఆక్టేన్ చెప్పేది బలం కాదు, ఓర్పు. స్పార్క్ మంట తన దాకా రాకముందే ఇంధనం తనంతట తాను భగ్గుమనకుండా ఎంత తట్టుకుంటుందన్నదే ఆ అంకె.

ఇంధనాన్ని కొలవడానికి సీఎఫ్ఆర్ అనే ఒంటి సిలిండర్ ఇంజిన్ ఉంది. ఐసో ఆక్టేన్‌కు 100, నార్మల్ హెప్టేన్‌కు 0. మరి బండికి ఎంత కావాలి? అది వేరే లెక్క. ఆక్టేన్ తెలిసిన ఇంధనాలను మెట్టు మెట్టుగా తగ్గిస్తూ పోసి, కారునో చిన్న ట్రక్కునో లోడ్ మీద నడుపుతూ, టకటకమనే నాక్ ఎక్కడ మొదలవుతుందో చెవి పెట్టి వింటారు. ఒకే మోడల్ కార్లు రెండింటికీ ఒకే అంకె రాకపోవచ్చు. ఇంజిన్‌లో మసి పేరుకుంటే అవసరం ఇంకా పెరుగుతుంది.

ఇథనాల్ ఆక్టేన్ 108 పైనే. లీటరుకు శక్తి మాత్రం పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఈ20తో మైలేజీ కాస్త తగ్గేది అందుకే. రీల్స్‌లో కొట్టుకునేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తారు!

ఆ ఇథనాల్ వచ్చేది మన చెరకు మొలాసిస్, నూకలు లాంటి వాటి నుంచే. బోధన్ శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది, నిజమే. అంతమాత్రాన ఈ చదువు మూతపడలేదు. కెమిస్ట్రీ డిగ్రీ, మెకానికల్ డిప్లొమా పట్టుకుని అందరూ అమీర్‌పేట బస్సెక్కడం నాకు నచ్చదు. పుణేలో ఏఆర్ఏఐ, దెహ్రాదూన్‌లో ఐఐపీ, ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం చేసేది ఇంధనాలు, ఇంజిన్ల పనే. ఆయిల్ కంపెనీల అప్రెంటిస్ నోటిఫికేషన్లు ఐటీఐ, డిప్లొమా వాళ్లకూ పడతాయి. ఈ వారమే ఒకసారి వాటి సైట్లు తిరగేయండి.