మజ్లూమ్ తిరగొద్దు, దఫ్తర్లు తిరగాలి



ఈసారి కొంచెం కర్‌వీ బాత్ రాస్తున్నా. కోపం వచ్చినా సరే, పూర్తిగా చదవండి.

మన బాన్సువాడలో షోహర్ చేతిలో దెబ్బలు తిన్న ఒక ఆడమనిషి ఇన్సాఫ్ కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కాలో లెక్కపెట్టండి. ముందు మైకే. అక్కడ అమ్మీ ఏడుస్తుంది, అబ్బా "సబ్ర్ చెయ్ బేటీ" అంటాడు. తర్వాత మహల్లా బుజుర్గుల దగ్గర పంచాయతీ. ఆ తర్వాత పోలీస్ ఠాణా. దెబ్బలకు కాగితం కావాలంటే సర్కారీ దవాఖానా. గృహ హింస చట్టం కింద దర్ఖాస్తు పెట్టించే ప్రొటెక్షన్ ఆఫీసర్ కోసం, సఖి సెంటర్ కోసం జిల్లా హెడ్‌క్వార్టర్ కామారెడ్డి. చివరికి కోర్టు. ప్రతి గుమ్మం దగ్గరా అదే కహానీ మొదటి నుంచి చెప్పాలి. ప్రతిచోటా "ఎందుకు కొట్టాడు, నువ్వేం అన్నావ్" అనే సవాల్‌కు జవాబివ్వాలి. చంకలో పిల్ల, చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో నికానామా జిరాక్స్.

మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది, మంచిదే. కానీ ససురాల్ నుంచి బుర్ఖా వేసుకుని బయల్దేరితే "కిధర్?" అని అడిగే నోళ్లకు ఏం జవాబు చెప్పాలి? కామారెడ్డి పోయి రావాలంటే ఒక దినం పోతుంది. ఆ దినం ఆమె ఎక్కడికి పోయిందో సాయంత్రానికి ఇల్లంతా తెలుస్తుంది. రాత్రికి మళ్లీ దెబ్బలు.

నా మాట ఒక్కటే. మజ్లూమ్‌ను దఫ్తర్ల చుట్టూ తిప్పడం బంద్ చెయ్యాలి. దఫ్తర్లే ఒకదాని దగ్గరికి ఒకటి నడవాలి. మన జమాత్ కూడా ఆ దఫ్తర్లలో ఒకటే కాబట్టి, అదీ నడవాలి.

ఇది నా ఖయాల్ కాదు, ఖానూన్‌లోనే రాసి ఉంది. గృహ హింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. హిందూ, ముస్లిం, ఈసాయీ అన్న ఫరక్ లేకుండా అందరికీ అది ఒకటే. అందులోని 5వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదు అందిన పోలీసు ఆఫీసర్ ఆమెకు తన హక్కులు చెప్పాలి: కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు అడగొచ్చని, ప్రొటెక్షన్ ఆఫీసర్ ఉన్నారని, ఉచితంగా వకీల్ దొరుకుతాడని, క్రిమినల్ కేసు కూడా పెట్టొచ్చని. ఎంతమంది ఆడవాళ్లకు ఠాణాలో ఈ నాలుగు మాటలు చెప్పారో మీ ఖాందాన్‌లోనే కనుక్కోండి.

దవాఖానా సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. దెబ్బలతో వచ్చిన ఆమెకు కేసు కాగితం లేదని ఇలాజ్ నిరాకరించడానికి వీల్లేదు. అప్పటిదాకా గృహ హింస రిపోర్టు ఎవరూ రాయకపోతే, దవాఖానా ఇంచార్జే ఆ ఫారం నింపి ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు పంపాలని 2006 నాటి రూల్స్ చెబుతున్నాయి. మెడికల్ రిపోర్టు కాపీ ఆమెకు ముఫ్త్‌గా ఇవ్వాలి. అంటే డాక్టర్ సాబ్ పని కట్టు కట్టడంతో ఖతమ్ కాదు. జచ్గీ కోసమో, పిల్లల టీకా కోసమో ఎవ్వరూ అనుమానించకుండా ఆడది పోగలిగే జగా దవాఖానా ఒక్కటే. గర్భిణి ఒంటి మీద కమిలిన మచ్చలు ముందు చూసేది నర్సు. "మెట్ల మీద పడ్డా" అన్న జవాబు విని ఊరుకోకుండా, పక్కకు పిలిచి ఇంకో సవాల్ అడగాల్సిందీ ఆ నర్సే.

కోర్టు ఉత్తర్వు ఇస్తే దాని కాపీ ఆ ఏరియా ఠాణాకు ముఫ్త్‌గా చేరాలని 24వ సెక్షన్. ఆ ఉత్తర్వును షోహర్ తోసిపుచ్చితే ఒక సంవత్సరం దాకా జైలు, లేదా 20 వేల జుర్మానా, లేదా రెండూ. కాపీ ఫైల్లో పడి ఉండి, డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కు దాని ఖబర్ లేకపోతే, అర్ధరాత్రి ఆమె ఫోన్ చేసినప్పుడు "అమ్మా, పొద్దున రండి" అంటాడు. ఆ కాగితం నిజంగా పనికిరావాలంటే కోర్టు, ఠాణా, ప్రొటెక్షన్ ఆఫీసర్ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

2025 మే 20న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది: ప్రొటెక్షన్ ఆఫీసర్లు జిల్లాలోనే కాదు, తాలూకా స్థాయిలో కూడా ఉండాలి, ఆరు వారాల్లో నియమించండి అని. బాన్సువాడ రెవెన్యూ డివిజన్ కేంద్రం. ఇక్కడ ఐసీడీఎస్ ప్రాజెక్టు ఉంది, కోర్టు ఉంది, దవాఖానా ఉంది, ఠాణా ఉంది. వీళ్లందరూ వారానికి ఒక రోజు, రెండు వారాలకు ఒక రోజు ఒక టేబుల్ చుట్టూ కూర్చోవడానికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, కొత్త బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు.

ఇలా కూర్చోవడం కొత్త సంగతి కాదు. 1984లో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ముంబై పోలీసుల దగ్గరే సోషల్ వర్కర్లను కూర్చోబెట్టారు, స్పెషల్ సెల్ అని. బ్రిటన్‌లో 2003లో కార్డిఫ్ షహర్‌లో ఒక పద్ధతి మొదలైంది. ప్రాణానికి ఖత్రా ఉన్న ఆడవాళ్ల గురించి పోలీసులు, దవాఖానా, ఇళ్ల శాఖ, మహిళా సంస్థలు కలిసి కూర్చుని, ఎవరికి తెలిసింది వాళ్లు చెప్పి, ఎవరు ఏం చేస్తారో అక్కడికక్కడే రాసుకుంటారు. ఆమె తరఫున మాట్లాడడానికి ఒక మనిషి ఉంటుంది. మన దగ్గర కూడా సఖి సెంటర్ల ఉద్దేశం ఇదే: ఒకే చోట ఇలాజ్, పోలీసు సాయం, వకీల్, కౌన్సెలింగ్, ఐదు రోజుల వరకు ఉండడానికి జగా. హైదరాబాద్‌లో 2016లో భరోసా సెంటర్ పెట్టినా, 181 హెల్ప్‌లైన్ పెట్టినా మఖ్సద్ అదే. హైదరాబాద్ పాత బస్తీలో షాయిరా జమీలా నిషాత్ గారు 2002లో మొదలుపెట్టిన షాహీన్ సంస్థ మన గల్లీల్లోనే, మన ఆడపిల్లల మధ్యే పనిచేస్తోంది. అక్కడ సాధ్యమైంది మంజీరా ఒడ్డున ఎందుకు సాధ్యం కాదు?

ఇప్పుడు మన ఇంటి సంగతి. సర్కార్‌ను తిట్టడం ఆసాన్. మన జమాత్‌ను అడగడం ముష్కిల్.

మన దగ్గర పంచాయతీ అంటే ఏమిటి? పది మంది మగాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు. అందులో ఏడుగురు పిల్లగాని తరఫు. పిల్ల లోపలి గదిలో పర్దా వెనక. "బచ్చోంకా సోచో" అంటారు, షోహర్‌తో "అబ్ నై మారూంగా" అనిపిస్తారు, చాయ్ తాగి లేస్తారు. దీన్నే సులహ్ అంటున్నాం. ఇది సులహ్ కాదు, వాపస్ పంపడం. ఖుర్ఆన్ సూరె నిసాలో మియా బీవీ మధ్య తగాదా ముదిరితే ఆయన ఖాందాన్ నుంచి ఒక హకమ్, ఆమె ఖాందాన్ నుంచి ఒక హకమ్ కూర్చోవాలని ఉంది. ఇద్దరికీ బరాబర్ జగా. మన పంచాయతీలో ఆమె తరఫు హకమ్ ఎక్కడ? సతాయించడం కోసం ఆడవాళ్లను ఆపి పెట్టుకోవద్దని సూరె బఖరాలో ఉన్న హుకుం ఎవరికి గుర్తుంది?

హబీబా బిన్తె సహల్ కిస్సా మనందరం బయాన్లలో విన్నదే. ఫజర్ నమాజ్‌కు బయటికి వచ్చిన రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లంకు చీకట్లో ఆమె గుమ్మం దగ్గర నిలబడి కనిపించింది. షోహర్ సాబిత్ కొట్టి ఆమె ఒంట్లో ఏదో భాగం విరగ్గొట్టాడని అబూ దావూద్ రివాయత్. ఆయన ఆమెను ఇంకో గుమ్మానికి పంపలేదు. సబ్ర్ చెయ్యమని వాపస్ పంపలేదు. ఆమె మాట విన్నారు, షోహర్‌ను పిలిచారు, ఆమెకు ఇచ్చింది వాపస్ తీసుకుని విడిచిపెట్టమన్నారు. ఒకే గుమ్మం దగ్గర ఫైసలా అయిపోయింది. ఈ సున్నత్ మనకు ఎందుకు గుర్తురాదు?

నాకు తెలుసు, ఇక్కడ ఒక ఏతిరాజ్ వస్తుంది. "పోలీసుల్ని మన ఇండ్లల్లోకి తెస్తావా? కౌమ్ బద్నామ్ అవదా? 2019లో తలాఖ్ చట్టం తెచ్చి మన పిల్లగాళ్లను మూడేళ్లు జైల్లో వేసే ఖానూన్ చేశారు, ఇంకా చాలదా?" ఈ భయం ఝూట్ అని నేను అనను. ఠాణా ముందు మన పేరు, మన గడ్డం చూసి మారే చూపులు నేనూ ఎరుగుదును. కానీ ఆ భయం భారం మొత్తం ఒక దెబ్బలు తిన్న పిల్ల వీపు మీద ఎందుకు పెడుతున్నాం? కౌమ్ ఇజ్జత్ కాపాడే జిమ్మెదారీ కొట్టేవాడిది కాదా?

ఇంకో సంగతి. గృహ హింస చట్టం కింద మెజిస్ట్రేట్ దగ్గర అడిగేవి జైలు కాదు. ఉండడానికి ఇల్లు, కొట్టకుండా ఉత్తర్వు, ఖర్చుకు పైసలు, పిల్లల కస్టడీ. నికా తెగదు, తలాఖ్ అవదు. ఉత్తర్వును ధిక్కరిస్తేనే జైలు మాట. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో పడాలి, అరవై రోజుల్లో ఫైసలా చెయ్యడానికి ప్రయత్నించాలి. షోహర్‌ను జైల్లో వేయించడం ఇష్టం లేక నోరు మూసుకున్న మన ఆడవాళ్లకు ఈ దర్వాజా ఉందని ఎవరు చెప్పాలి? క్రిమినల్ కేసు, అంటే పాత 498ఏ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్, అది వేరే. రెండింట్లో ఏది కావాలో ఆమె ఇష్టం. ఆమెకు బదులు జమాత్ తేల్చొద్దు, ఎస్సై సాబ్ కూడా తేల్చొద్దు.

మన నిజామాబాద్, కామారెడ్డి వైపు ఇండ్లల్లో ఇంకో రకం జుల్మ్ ఉంది. షోహర్ దుబాయ్‌లో, బీవీ ఇక్కడ సాస్ ససుర్ దగ్గర. పైసలు ఆమె చేతికి రావు. ఫోన్ చేతిలో ఉండనివ్వరు. వాట్సాప్‌లో గాలీలు. చెయ్యి ఎత్తేవాడు ఊర్లో లేడు కాబట్టి ఇది హింస కాదనుకుంటాం. చట్టం అలా అనుకోదు. ఖర్చుకు పైసలు ఆపడం, మాటలతో చంపడం కూడా గృహ హింసే. 2016 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత సాస్, నంద్ మీద కూడా దర్ఖాస్తు పెట్టొచ్చు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, చదివితే నిద్ర పట్టదు. తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 37 శాతం మంది షోహర్ హింస చూశామన్నారు. 84 శాతం ఆడవాళ్లు ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సరైనదే అన్నారు. ఇది ముసల్మాన్ లెక్క కాదు, అందరి లెక్క. దేశం మొత్తం మీద హింస చూసినవాళ్లలో మదత్ అడిగింది 14 శాతమే. అడిగిన ఆ కొద్దిమందినీ మనం గుమ్మాలు తిప్పుతున్నాం.

కాబట్టి నా డిమాండ్లు సాఫ్‌గా రాస్తున్నా.

ఠాణాకు: ఆమె వచ్చిన రోజే కాగితం రాసి రసీదు ఇవ్వండి. ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు ఫోన్ మీరే చెయ్యండి, ఆమెను పంపకండి. కౌన్సెలింగ్ పేరుతో కొట్టినవాణ్ణి, ఆమెను ఒకే బెంచీ మీద కూర్చోబెట్టకండి.

దవాఖానాకు: ఫారం నింపండి. ఉర్దూ మాత్రమే వచ్చిన ఆడవాళ్లతో ఉర్దూలో మాట్లాడే ఒక నర్సునో, ఆశా వర్కర్‌నో దగ్గర పెట్టండి.

సంక్షేమ శాఖకు: ప్రొటెక్షన్ ఆఫీసర్ తెలిసిన రోజు, తెలిసిన టైంకు బాన్సువాడలోనే కూర్చోవాలి. రెండు వారాలకోసారి ఠాణా, దవాఖానా, ఐసీడీఎస్, న్యాయ సేవల వకీల్ కలిసి ఒక్కో కేసూ చూడాలి. ఆ గదిలో లీడర్లు ఉండొద్దు, ఎవరి చుట్టాలూ ఉండొద్దు. మన చిన్న ఊర్లో అందరూ అందరికీ రిష్తేదార్లే. ఆమె మాట అమానత్. అది బయట పొక్కితే ప్రాణం పోతుంది.

మస్జిద్ కమిటీకి: కొట్టిన కేసులో పంచాయతీ పెట్టకండి. జుమా బయాన్‌లో 181 నంబర్ చెప్పండి. ఆమె అడిగితే నికానామా కాపీ అదే రోజు ఇవ్వండి. ఖులా అడిగిన ఆడదాన్ని నెలలు తిప్పకండి. షోహర్ ఒప్పుకోకపోయినా ఖులా ఆమె హక్కేనని మన తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది. ఇద్దత్ అయిపోయింది, ఇక ఖర్చు మా జిమ్మా కాదనే ఖాందాన్లకు కూడా చెప్పండి: తలాఖ్ అయిన ముస్లిం ఆడది మామూలు ఖానూన్ కింద మెయింటెనెన్స్ అడగొచ్చని 2024 జూలై 10న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అది కూడా తెలంగాణ నుంచి పోయిన కేసే.

ఇది చదివే అబ్బాలకు ఒక మాట. జహేజ్ కోసం అప్పు చేస్తారు, ఫంక్షన్ హాల్‌కు లక్షలు పోస్తారు. బేటీ ఫోన్‌లో 181, 112, న్యాయ సేవల 15100 నంబర్లు సేవ్ చేసి ఇవ్వడానికి రూపాయి ఖర్చు కాదు. మైకే వచ్చిన రాత్రి ఆమెను "ఎందుకొచ్చావ్" అని అడగకండి. తిన్నావా అని అడగండి. పొద్దున ఆమెతో పాటు మీరు నడవండి, దఫ్తర్లను కూడా నడిపించండి.

వస్సలాం.