ఓడెక్కినోళ్ల ఊళ్లు వెతికిపెట్టండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,



సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు మా నాయనమ్మ ఒక పంచె, ఒక చీర, ఒక చిన్న పరికిణీ విడిగా పెట్టేది. ఎవరికని అడిగితే, "ఓడెక్కినోళ్లకి రా" అనేది. మా తాతగారి తాతకు అన్న ఒకాయన భార్యనూ కూతురినీ వెంటబెట్టుకుని సముద్రం దాటిపోయాడట. వాళ్ల పేర్లేమిటో, ఏ రేవులో దిగారో నాయనమ్మకు తెలియదు. పెట్టడం మాత్రం ఏ ఏడూ మానలేదు.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1832–33 నందన కరువు కోస్తా జిల్లాలను తుడిచిపెట్టింది. 1839 తుఫాను కోరంగి రేవును ముంచేసింది. అదే కాలంలో బ్రిటిష్ వలస రాజ్యాల్లో బానిసత్వం రద్దయి, చెరకు తోటలకు కూలీల కొరత వచ్చింది. 1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడలో 36 మంది కూలీలు మారిషస్‌లో దిగారు. ఆ తర్వాత ఒక్క ఆ దీవికే భారతదేశం నుంచి నాలుగున్నర లక్షలకు పైగా జనం వెళ్లారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడ 342 మందితో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. 1911 నాటికి డర్బన్ ఉన్న నేటాల్‌కు వెళ్లినవారు లక్షా యాభై రెండు వేలు. వీళ్లలో నాటి గోదావరి, విశాఖ, గంజాం జిల్లాలవాళ్లు ఎందరో.

మారిషస్‌లో తెలుగువాళ్లను 'కోరంగీలు' అన్నారు. బర్మాలోనూ అంతే. ఓడెక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది. మారిషస్ తెలుగువాళ్లు నేటికీ సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు, రామభజన పాడతారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. ఇన్ని నిలబెట్టుకున్నవాళ్లు ఒకటి పోగొట్టుకున్నారు: ఇంటిపేరు. వలస వెళ్లినవాడి ఒంటి పేరే వంశానికంతటికీ పేరైంది.

వాళ్ల జాడ తెలిపే కాగితాలు భద్రంగానే ఉన్నాయి. మారిషస్‌లోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లున్నాయి. నేటాల్ ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాసిపెట్టారు. గుమస్తాలు ఆ పేర్లను చెవికి తోచినట్టు రాసుకున్నారు. అందుకే మన ఊళ్లు ఆ పుటల్లో గుర్తుపట్టలేనట్టు మారిపోయాయి. అక్కడ కాగితం ఉంది, ఊరు తెలియదు. ఇక్కడ ఊరుంది, కాగితం లేదు.

అందుకే మీకు మూడు విన్నపాలు. మన జిల్లాల నుంచి వెళ్లినవారి రిజిస్టర్ల నకళ్లు ఆ దేశాల నుంచి తెప్పించండి. వాటిని పండితుల గదికే పరిమితం చేయకుండా, మండలం మండలంలో పెద్దవాళ్లను కూర్చోబెట్టి పైకి చదివించండి. చెవితో రాసిన పేరును చెవితోనే పట్టుకోవాలి. పటంలో దొరకని ఊరిని ఆ పక్క ఊరి ముసలమ్మ వినగానే చెప్పేస్తుంది. ఆ ముసలమ్మలు ఉండగానే ఈ పని జరగాలి. అలా దొరికిన పేర్లను, ఊళ్లను తెలుగులో చెక్కి కోరంగిలో ఒక గోడ కట్టండి. మారిషస్‌లోని పోర్ట్ లూయీలో ఓడ దిగిన కూలీలు ఎక్కివెళ్లిన మెట్లను ఆప్రవాసీ ఘాట్ పేరుతో కాపాడుకున్నారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. దిగిన రేవుకు అంత గౌరవం దక్కింది. ఎక్కిన రేవుకూ దక్కాలి. కోరంగి మడ అడవులు చూడవచ్చే పిల్లలు ఆ గోడ ముందు ఆగి, తమ ఊరి పేరు వెతుక్కోవాలి.

నాయనమ్మ పోయింది. ఇప్పుడు ఆ పంచె, చీర, పరికిణీ మా అమ్మ పెడుతోంది. ఒక్క సంక్రాంతికైనా ఆ ముగ్గురినీ పేరు పెట్టి పిలిచి పెట్టాలని ఆమె కోరిక. ఆ పేర్లు ఏదో ఒక పుటలో ఉండే ఉంటాయి. వెతికించండి.

ఇట్లు,
ఓడెక్కినోళ్ల ఇంటి మనిషి,
తాళ్లరేవు మండలం