ఉప్పు తగ్గాలి, రుచి తగ్గరాదు

పౌరుషం గల మనిషిని మన తెలుగువారు "ఉప్పూ కారం తినే మనిషి" అంటారు. చేసిన మేలు మరచినవాణ్ణి "ఉప్పు తిన్న ఇంటికే ద్రోహం తలపెట్టాడు" అని నిందిస్తారు. అభిమానానికీ, విశ్వాసానికీ కూడా ఉప్పునే గుర్తుగా పెట్టుకున్నవారం మనం. అందువల్లనే వైద్యుడు "రేపటి నుంచి ఉప్పు తగ్గించండి" అన్నప్పుడు ఆ మాట నాలుకకే గాక మనసుకు కూడా తగులుతుంది. ఇంట్లో తమ స్థానమే తగ్గిపోయినట్లు పెద్దవారు చిన్నబుచ్చుకోవడం మనం చూస్తూనే ఉన్నాం.

మా ఇంట జరిగిన సంగతి చెబుతాను. మా నాన్నగారికి రక్తపోటు ఉన్నదని తెలిసిన నాటి నుంచి మా అమ్మ ఎంతో శ్రద్ధతో రెండు గిన్నెలు పెట్టడం మొదలుపెట్టింది. పెద్ద గిన్నెలో అందరికీ పప్పు. చిన్న గిన్నెలో ఆయనకు ఉప్పు వేయని పప్పు. ఇంగువ పోపు కూడా పెద్ద గిన్నెకే దక్కేది. నాన్నగారు ఎదురు చెప్పలేదు. నెల తిరగకుండానే ఒకనాటి మధ్యాహ్నం, అందరూ నడుం వాల్చిన వేళ, వంటింట్లో ఆవకాయ జాడీ మూత చప్పుడైంది. వెళ్ళి చూస్తే నాన్నగారు! ఎవరమూ ఏమీ అనలేకపోయాం. తప్పు ఆయన జిహ్వది కాదు, అమ్మ శ్రద్ధది అంతకన్నా కాదు, ఆ రెండో గిన్నెదే అని నాకు ఆనాడు తోచింది.

రోగికి వేరుగా చప్పిడి కూడు వండే పద్ధతిని మనం మానుకోవాలని నా అభిప్రాయం. ఇల్లంతా ఒకే గిన్నెలోది తినాలి. ఆ గిన్నెలో ఉప్పు తక్కువగా, రుచి నిండుగా ఉండాలి. ఇది సాధ్యమే. అందుకు కావలసిన సంభారాలన్నీ మన పోపులపెట్టెలోనూ, పెరట్లోనూ ఇదివరకే ఉన్నాయి.

ఎంత ఉప్పు చాలు?

పెద్దవారికి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు పనికిరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూత్రాలలోనూ ఇదే పరిమితి ఉన్నది. అంటే తలకొట్టిన చిన్న చెంచాడు మాత్రమే. ఊరగాయ, అప్పడం, మజ్జిగలో వేసుకునే చిటికెడు, బజారులో కొన్న కారప్పూస, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

దీనిని కొలవడానికి ప్రయోగశాల అక్కరలేదు. నలుగురు పెద్దవారున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు. ఆ లెక్కన కిలో ఉప్పు పొట్లం 50 రోజులు రావాలి. ఈసారి పొట్లం విప్పిన తేదీని దాని మీదనే రాసి ఉంచండి. ముప్ఫై రోజులకే ఖాళీ అయినదంటే సంగతి మీకే అర్థమవుతుంది. మరొక ఉపాయం: నలుగురికీ నాలుగు చెంచాలు కదా అని నాలుగూ వంటకే వాడరాదు. పొద్దున్నే మూడు చెంచాల ఉప్పు ఒక చిన్న గిన్నెలో వేసుకుని, ఆ రోజు వంట యావత్తూ దానితోనే ముగించండి. నాలుగవ చెంచా ఊరగాయలకూ, చిరుతిండికీ విడిచిపెట్టినట్లు భావించండి.

ఆయుర్వేదం ఏమన్నది?

ఉప్పు తగ్గించమనడం పాశ్చాత్య వైద్యులు తెచ్చిపెట్టిన కొత్త మాట అని కొందరు పెద్దలు వాదిస్తారు. అది సరి కాదు. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో అతిగా వాడకూడని పదార్థాలు మూడు చెప్పబడ్డాయి: పిప్పలి, క్షారం, లవణం. ఉప్పు అన్నానికి రుచినీ, జీర్ణశక్తినీ ఇస్తుందని ఒప్పుకుంటూనే, అతిగా తినేవారికి శరీరం సడలి బలం తగ్గుతుందనీ, అకాలంలో జుట్టు నెరసి రాలుతుందనీ, ముడుతలు పడతాయనీ చరకుడు హెచ్చరించాడు. పాలలో కూడా ఉప్పు కలుపుకుని తినే దేశాలవారిని పేరు పెట్టి మరీ ఉదహరించాడు. ఇక నేటి శాస్త్రం చెప్పేది, ఉప్పులోని సోడియం దేహంలో నీటిని నిలిపి ఉంచుతుందనీ, దానితో రక్తపోటు పెరిగి గుండెకూ, మెదడుకూ, మూత్రపిండాలకూ చేటు కలుగుతుందనీ. దారులు వేరైనా ఇద్దరి హెచ్చరికా ఒకటే.

నిల్వ ఉప్పు, రుచి ఉప్పు

మన వంటలో ఉప్పు రెండు పనులు చేస్తుంది. ఒకటి రుచినివ్వడం, రెండవది చెడకుండా కాపాడడం. ఆవకాయలో ఆవపిండి, కారంతో దాదాపు సమంగా ఉప్పు పోయడం ఏడాది పొడుగునా నిల్వ ఉండడానికే. అక్కడ ఉప్పు తగ్గిస్తే ఊరగాయ బూజు పడుతుంది. కనుక ఆవకాయలో ఉప్పు తగ్గించవద్దు, పళ్ళెంలో ఆవకాయను తగ్గించండి. వారానికి ఒకటి రెండు సార్లు, ఒక చిన్న బద్ద చాలు.

రోజూ నంజుకోవడానికి రోటి పచ్చళ్ళు ఉండనే ఉన్నాయి. ఏ పూటకాపూట నూరుకునే పచ్చడికి నిల్వతో పని లేదు. రుచికి సరిపడా చిటికెడు చాలు. నిప్పుల మీద కాల్చిన వంకాయ పచ్చడి, దోసకాయ పచ్చడి, కొబ్బరి–మామిడి పచ్చడి, బీరపొట్టు పచ్చడి వంటివి ఉన్న విస్తరిలో ఊరగాయ లేదన్న లోటు కనిపించదు.

అప్పడాలు, వడియాలు, చల్లమిరపకాయలు కూడా నిల్వ ఉప్పు కోవలోనివే. బజ్జీలలో, పునుగులలో వేసే వంటసోడాలోనూ, అప్పడాల సోడాలోనూ ఉన్నది సోడియమే. నాలుకకు ఉప్పగా తగలదు గనుక మనం లెక్కలో వేసుకోము.

తక్కిన అయిదు రసాలకు పని చెప్పండి

మధుర, ఆమ్ల, లవణ, కటు, తిక్త, కషాయాలని రసాలు ఆరు. ఉగాది పచ్చడిలో ఆరూ ఉంటాయి. అందులో ఉప్పు చిటికెడే. అయినా అది చప్పగా ఉన్నదని ఎవరూ అనరు. ఆ సూత్రమే నిత్యం వంటకు కూడా వర్తిస్తుంది. ఒక రసం తగ్గినప్పుడు తక్కినవి ముందుకు రావాలి.

మొదటి సాయం పులుపుది. కందిపప్పులో పుల్లమామిడి, చింతచిగురు, చుక్కకూర, గోంగూర వీటిలో ఏది పడినా సగం ఉప్పుతోనే పప్పు కమ్మగా ఉంటుంది. నిమ్మరసం మాత్రం గిన్నె దించిన తరువాత పిండండి. పొయ్యి మీద పిండితే దాని పరిమళం పోయి చేదు మిగులుతుంది. ఆమ్లపిత్తం ఉన్నవారు పులుపు తగ్గించి, అల్లం, జీలకర్ర, కొత్తిమీర, కొబ్బరి మీద ఆధారపడడం మేలు.

రెండవది పోపు. మొదట వేసి వంటతోపాటు ఉడికించిన పోపుకన్నా, చివర నేతిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు వేయించి పప్పులో వేసి వెంటనే మూత పెట్టిన పోపుకు వాసన ఎక్కువ. మూత తీసిన క్షణంలో ముక్కుకు తగిలే ఆ ఘుమఘుమలో ఉప్పు లోటు సగం తీరిపోతుంది. మిరియాలూ, ధనియాలూ అప్పటికప్పుడు దంచి వేసిన చారు దీనికి మంచి నిదర్శనం.

మూడవది పొడులు. వేయించిన నువ్వుల పొడి, అవిసె పొడి, మెంతిపొడి, ధనియాల పొడి, వీటిని ఉప్పు కలపకుండానే సీసాలలో ఉంచుకోండి. వేపుడు దించబోయే ముందు ఒక చెంచాడు చల్లితే కూరకు కొత్త రుచి వస్తుంది.

నాలుగవది ఉప్పు వేసే సమయం. పులుసులోనూ, చారులోనూ మొదటే ఉప్పు వేస్తే నీరు ఇగిరే కొద్దీ ఎంత అవుతుందో తెలియదు. మరిగి చిక్కబడ్డాక, రుచి చూసి వేయండి. వేపుళ్ళకు చివర పైన చల్లిన చిటికెడు, నాలుకకు నేరుగా తగిలి ఎక్కువగా తోస్తుంది. మన అదృష్టం కొద్దీ అన్నంలో ఉప్పు వేసే అలవాటు మనకు లేదు. దానిని అలాగే కాపాడుకుందాం.

ఒక్కసారిగా సగానికి కోయవద్దు. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ పోతే ఎవరికీ తెలియకుండానే నాలుక సర్దుకుంటుంది. కొన్ని వారాలు గడిచాక పెళ్ళి భోజనంలోని కూర "ఉప్పుకషాయం" అని మీరే అంటారు.

సైంధవం పేరిట భ్రమ

ఈ పత్రిక పాఠకులకు ఒక మాట స్పష్టంగా చెప్పడం నా విధి. లవణాలలో సైంధవం శ్రేష్ఠమని శాస్త్రం చెప్పిన మాట నిజం. అయితే శ్రేష్ఠమన్నది గుణంలో. మితం అన్న నియమం దానికీ వర్తిస్తుంది. సైంధవంలోనూ అధిక భాగం సోడియం క్లోరైడే. "ఇది సైంధవం కదా, ఏమీ కాదు" అంటూ రెట్టింపు చల్లుకునే రక్తపోటు రోగులు నాకు తెలుసు. పైగా మామూలు సైంధవంలో అయొడిన్ కలపరు. ఇల్లంతా పూర్తిగా దానికే మారితే పిల్లలకూ, గర్భిణులకూ అయొడిన్ లోపం కలిగే ప్రమాదం ఉన్నది. కనుక నిత్యం వంటకు అయొడిన్ ఉప్పే, కొద్దిగా వాడండి.

బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పులో కొంత భాగం పొటాషియం క్లోరైడు ఉంటుంది. చైనాలో 600 గ్రామాలలో జరిపి 2021లో ప్రకటించిన పెద్ద పరిశీలనలో అటువంటి ఉప్పు వాడినవారిలో పక్షవాతం తగ్గినట్లు తేలింది. కాని మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారికీ పొటాషియం ప్రాణాపాయం కావచ్చు. వైద్యుని అడగకుండా దానిని ఇంటికి తేవద్దు. మూత్రపిండాల రోగులు ఆకుకూరలు, పప్పుల విషయంలోనూ వైద్యుని మాటే వినాలి. ఉప్పు తగ్గింది కదా అని ఎవరూ మందులు మానరాదు.

చివరగా ఒక మనవి. ఈ భారమంతా వంట చేసే ఇల్లాలి మీద వేయడం న్యాయం కాదు. ఆమె ఎంత నేర్పుగా వండినా, తినేవారు రుచి చూడకముందే ఉప్పు డబ్బా అందుకుంటే ఫలితమేమిటి? భోజనాల దగ్గర నుంచి ఆ డబ్బాను తీసివేయవలసినది ఇంటి పెద్దలే. మా ఇంట ఇప్పుడు రెండో గిన్నె లేదు. మామిడికాయ పప్పు ఒక్కటే గిన్నెలో ఉడుకుతుంది, ఇంగువ పోపు అందరికీ సమంగా దక్కుతుంది. నాన్నగారు పక్కనున్న మనవడితోపాటు మారు వడ్డించుకుంటారు. ఆవకాయ జాడీ అటక మీదనే ఉన్నది. ఆదివారం నాడు కిందికి దిగుతుంది, అందరి ఎదుటనే.