ఈసీజీ మిషను ఒక్కటే చాలదు

ఛాతిలో నొప్పి అంటూ ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆస్పత్రికి వచ్చే మనిషికి మొదట తీసేది ఈసీజీ. గుండె డాక్టరు ఉండేదేమో సాగర్ రోడ్డు మీదుగా ముప్పై కిలోమీటర్లు వెళ్తే వచ్చే హైదరాబాద్‌లో. చిన్న ఆస్పత్రుల నుంచి ఆ గీతల కాగితం ఫోటో వాట్సాప్‌లో వెళ్తుంది. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా, వెంటనే నగరానికి పంపాలా అన్నది ఆ ఫోటో చూసే తేలుస్తారు. డాక్టరుకు కాగితం కనిపిస్తుంది. లీడ్లు ఛాతి మీద ఎక్కడ పెట్టారో మాత్రం కనిపించదు.

ఆ గీతల వెనుక ఉన్నది జ్యామితి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో విల్లెం ఐంథోవెన్ రెండు చేతులనూ ఎడమ కాలునూ మూడు కొనలుగా తీసుకుని ఒక సమబాహు త్రిభుజాన్ని ఊహించాడు. దాని నడుమ గుండె ఉందనుకుని లెక్క కట్టాడు. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ల తొట్లలో ముంచి కూర్చునే కాలం అది. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1938లో అమెరికా, బ్రిటన్ హృద్రోగ వైద్య సంఘాలు ఛాతి మీది ఆరు చోట్లను ఖరారు చేశాయి. నేడు పది ఎలక్ట్రోడ్లతో గుండెను పన్నెండు వైపుల నుంచి చూస్తున్నాం.

నిజానికి మనిషి ఒళ్లు సమబాహు త్రిభుజం కాదు. ఊపిరితిత్తుల గుండా, ఎముకల గుండా కరెంటు ఒకే తీరున పారదు. త్రిభుజం భుజాలు సమానం కావని 1946లో బర్గర్, వాన్ మిలాన్ చూపించారు. అయినా పాత పద్ధతే నిలిచింది. అందరికీ అవే చోట్ల లీడ్లు పెడితే ఒకరి గీతను లక్షల మంది గీతలతో పోల్చి చూడవచ్చు. ఆ కట్టుబాటు తప్పితే పోలికకు అర్థమే లేదు.

తప్పేది కూడా చిన్న పనుల్లోనే. మొదటి రెండు ఛాతి లీడ్లు రొమ్ము ఎముకకు అటూ ఇటూ, నాలుగో పక్కటెముకల సందులో ఉండాలి. హడావుడిలో వాటిని రెండో సందులోనో మూడో సందులోనో అంటిస్తారు. అప్పుడు రాని గుండెపోటు ఎప్పుడో వచ్చి పోయినట్టు కాగితం చెప్పవచ్చు. కుడి చేతి వైరు ఎడమ చేతికి పడితే మొదటి లీడ్ గీత తలకిందులవుతుంది. మిషను దాన్నీ నమ్మి రిపోర్టు అచ్చేస్తుంది.

ఆడవాళ్ల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. పరదా ఉండదు, గదిలో పదిమంది తిరుగుతుంటారు. రవిక విప్పడానికి ఆమెకు బిడియం, అడగడానికి సిబ్బందికి మొహమాటం. లీడ్లు అందిన చోట అంటుకుంటాయి. పరదా, మహిళా సిబ్బంది ఉండటం మర్యాద మాత్రమే కాదు, సరైన పరీక్షకు అవసరం.

పద్ధతి తప్పితే ఏమవుతుందో ఇబ్రహీంపట్నానికి తెలుసు. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే, తర్వాతి రోజుల్లో నలుగురు ప్రాణాలు కోల్పోయారు. అది వేరే విభాగం, వేరే కారణం. కానీ రోజూ చేసే పనే కదా అన్న తేలికభావం ఎక్కడైనా ప్రమాదమే.

మిషన్లు కొనడంతో ప్రభుత్వం బాధ్యత తీరదు. ఈసీజీ తీసే ప్రతి నర్సుకూ, టెక్నీషియన్‌కూ పక్కటెముకలు వేలితో లెక్కపెట్టడం నేర్పాలి, ఏటా పరీక్షించాలి. లీడ్ల చోట్లు చూపే బొమ్మను ప్రతి మంచం దగ్గరా అంటించాలి. గీత అనుమానంగా ఉంటే మళ్లీ తీయాలన్న నియమం పెట్టాలి. వీటికయ్యే ఖర్చు మిషను ధరలో ఏ మూలకూ రాదు. జిల్లా వైద్యాధికారులు ఈ పని ఇబ్రహీంపట్నం నుంచే మొదలుపెట్టాలి.