ప్రొబేటు భూతము

ఇంటి యజమాని పెద్దకర్మ ముగిసినదో లేదో, మన పట్టణములలో ఒక భూతము ఆ గుమ్మమున వచ్చి నిలుచుచున్నది. దాని పేరు ప్రొబేటు. వీలునామా చేతబట్టుకొని పోయిన వితంతువును, వారసులలో తగవేమియు లేకున్నను, గుమాస్తా "కోర్టు ఉత్తరువు తెండు" అని త్రిప్పిపంపును. ఏ చట్టము క్రింద అని అడుగువారు లేరు.

అడుగవలెను. హిందువుల వీలునామాలకు ప్రొబేటు నిర్బంధము 1870 నాటి హిందూ విల్సు చట్టముతో వంగదేశమునకును, మద్రాసు, బొంబాయి నగరములకును వచ్చినది. 1925 నాటి వారసత్వ చట్టము దానిని 213వ సెక్షనులో నిలుపుకొన్నది. బెజవాడలో వ్రాసి బెజవాడ యాస్తినే పంచిన హిందువుని వీలునామాను అది యెన్నడును తాకలేదు. తుదకు 2025లో పార్లమెంటు ఆ సెక్షనునే తొలగించినది. తెల్లదొర తన కోటలున్నచోట కట్టిన సుంకపుగేటును మనవారే ఊరూర నిలుపుట యేమి స్వరాజ్యము?

ఈ భూతమునకు జడిసియే మనము దొంగకు తలుపు తీయుచున్నాము. కోర్టుకెక్కిన ఏండ్లు పట్టునని బెదరించి, అన్నదమ్ములు ఆడుబిడ్డలచేత హక్కువిడుదల పత్రముపై సంతకము చేయించుకొందురు. ప్రతిఫలము పసుపుకుంకుమలక్రింద ఒక చీర! వీలునామా లేక చనిపోయిన హిందువుని స్వార్జితములో భార్యకు, తల్లికి, కొడుకునకు, కూతునకు 1956 నాటి చట్టము సమభాగము విధించినది. పిత్రార్జితములో ఆంధ్రప్రదేశ్ 1986 నాటి చట్టము అప్పటికి పెండ్లికాని కూతులకును, 2005 నాటి పార్లమెంటు చట్టము కూతులందరకును జన్మహక్కు నిచ్చినవి. నామినీని నేనే గనుక బ్యాంకు సొమ్మంతయు నాదే యను కొడుకులు కొందరు. నామినీ సొమ్ము పుచ్చుకొనుటకే అర్హుడుగాని స్వంతదారుడు కాడని సుప్రీముకోర్టు 2010లో తేల్చినది.

"కట్నమిచ్చితిమిగదా" అందురు. కట్నము 1961 చట్టముచే నేరము. నేరమును చూపి హక్కును చెల్లువేయుట ఏ ధర్మము?

చేయవలసినది స్వల్పము. బ్రతికియుండగనే వీలునామా వ్రాసి, దానివలన లాభముపొందని ఇద్దరు సాక్షులచేత సంతకము చేయింపుడు. స్టాంపు అక్కరలేదు, రిజిస్ట్రీ మన యిష్టము. మృతుని యప్పులు ముందు తీర్చి, మిగిలినది పంచుకొనుడు. ప్రతి గ్రంథాలయమునందును ఈ చట్టములను తెనుగున చదివి వినిపింపుడు. ప్లీడరు సోదరులు వారమునకొక సాయంకాల మీ పనికి ఈయవలెను. తోబుట్టువును చదువనీయక సంతకము పెట్టించు చేయి, జాతీయజెండాను ఎత్తుటకు తగదు.